‘మరుగుజ్జు’ అను విశేషణము: గ్రహములయందు, నక్షత్రములయందు

ఖగోళశాస్త్రమును క్రొత్తగా చదువు విద్యార్థికి మరుగుజ్జు గ్రహము, మరుగుజ్జు నక్షత్రము అను రెండు పేర్లు ఎదురగును. మొదటిది చిన్న గ్రహమనియు, రెండవది చిన్న నక్షత్రమనియు అతడు తలచును. ఆ తలంపు రెండుచోట్లను చిక్కు తెచ్చును. తప్పు విద్యార్థిది కాదు, పేరుది.

ఈ మాట ముందుగా నక్షత్రములకు వచ్చినది. ఒకే ఎరుపురంగు గల నక్షత్రములలో కొన్ని మిక్కిలి ప్రకాశవంతములనియు, కొన్ని మందకాంతి గలవనియు 1905లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెర్ట్స్‌ప్రుంగ్ చూపెను. పిమ్మట మొదటివానికి దైత్యులనియు, రెండవవానికి మరుగుజ్జులనియు పేర్లు స్థిరపడినవి. ఇది కేవలము పోలికవలన కలిగిన పేరు. ఈ లెక్కన సూర్యుడును మరుగుజ్జే! పదమూడు లక్షల భూగోళములను తనలో ఇముడ్చుకొనగల సూర్యుడు, మరుగుజ్జు అనిపించుకొన్నను నక్షత్రము కాకపోలేదు.

శ్వేత మరుగుజ్జు సంగతి వేరు. సిరియస్ నక్షత్రపు సహచరి పరిమాణమున ఇంచుమించు భూమియంత, ద్రవ్యరాశిలో సూర్యునియంత. దానిలో కేంద్రక సంలీనము ఆగిపోయినది. ఎలక్ట్రానుల ఒత్తిడి దానిని కూలకుండ నిలుపుచున్నది. ఈ ఒత్తిడి సూర్యునికి సుమారు 1.4 రెట్ల ద్రవ్యరాశి వరకే పనిచేయునని చంద్రశేఖర్ 1930వ దశకమున గణించెను. సూర్యుడు మండుచున్న పొయ్యి. శ్వేత మరుగుజ్జు మంట ఆరిన పొయ్యిలో మిగిలిన నిప్పు. రెంటికిని పేరు మాత్రము ఒకటే.

ఇక గ్రహముల మాట. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరమున అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము సౌరకుటుంబములోని గ్రహమునకు మూడు లక్షణములు విధించెను: సూర్యుని చుట్టు తిరుగుట, స్వీయ గురుత్వముచే ఇంచుమించు గుండ్రముగా నుండుట, తన కక్ష్యా పరిసరములను ఖాళీచేసికొనుట. ఉపగ్రహము కాక, మొదటి రెండు లక్షణములు గలిగి మూడవది లేనిది మరుగుజ్జు గ్రహము. 2,377 కిలోమీటర్ల వ్యాసము గల ప్లూటోయు, సుమారు 940 కిలోమీటర్ల సీరిసును, ఏరిస్, హౌమియా, మాకెమాకేలును ఈ తెగలో చేరినవి.

ఈ విభజనకు ఆధారము లేకపోలేదు. సీరిస్ గ్రహశకలముల గుంపులోను, ప్లూటో నెప్ట్యూను ఆవలి మంచుగోళముల గుంపులోను తిరుగుచున్నవి. లోపమంతయు పేరులోనే. నిర్వచనమున కొలత ప్రసక్తి లేదు. పేరు మాత్రము కొలతను సూచించును. అంతకంటె విపరీతమేమనగా, మరుగుజ్జు నక్షత్రమైన సూర్యుడు నక్షత్రమే; మరుగుజ్జు గ్రహము మాత్రము ఆ తీర్మానము ప్రకారము గ్రహము కాదు. ఒకచోట తరగతిని తెలుపు విశేషణము మరియొకచోట బహిష్కారమును తెలుపుచున్నది.

పేర్లు పాతుకొనిపోయినవి, మార్చుట సులభము కాదు. కావున ఉపాధ్యాయుడు పేరు చెప్పుటకు ముందే ప్రశ్నలు వేయుట మేలు. ఆ గోళమునకు వెలుగు ఎక్కడినుండి వచ్చుచున్నది? దానిని కూలకుండ నిలుపునది ఏది? దాని దారిలో తోడుగా తిరుగునవి ఎవ్వి? వీనికి జవాబు చెప్పగల విద్యార్థిని ఏ విశేషణమును మోసగింపజాలదు.