వక్త లేని సభ

ఫ్రెడ్ మూర్ ఇంజనీరు కాదు. 1959లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు సైనిక శిక్షణ తప్పనిసరి చేయడం నచ్చక, మెట్ల మీద నిరాహార దీక్షకు కూర్చున్న కుర్రాడు. 1971లో ‘హోల్ ఎర్త్ కేటలాగ్’ అనే పత్రిక మూతపడుతున్నప్పుడు, వీడ్కోలు విందుకు వచ్చిన జనం ముందు నిర్వాహకులు ఇరవై వేల డాలర్ల నగదు పెట్టి, దీంతో ఏం చేయాలో మీరే తేల్చండన్నారు. డబ్బు కాదు, మనుషుల మధ్య పరిచయాలు కావాలని ఆ రాత్రి వాదించినవాళ్లలో మూర్ ఒకడు. చిత్రమేమిటంటే, పంపకాలు పోను మిగిలిన సొమ్ము చివరికి ఆయన చేతికే వచ్చింది. ఆ మనిషే 1975లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్ చుట్టుపక్కల నోటీసు బోర్డుల మీద ఓ కరపత్రం అంటించాడు. సొంతంగా కంప్యూటర్ తయారుచేసుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఫలానా సాయంత్రం ఫలానా ఇంటికి రమ్మని పిలుపు.

ఆ ఇల్లు గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరుది. మార్చి 5, బుధవారం. బయట వాన. గ్యారేజీలో ముప్పై రెండుమంది పోగయ్యారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బుకు అది తొలి సమావేశం.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడి నుంచి ఒక్క గంతులో ఆపిల్ కంపెనీ దగ్గర తేలతారు. అలా గంతేస్తే అసలు సంగతి జారిపోతుంది. ఒకరికొకరు పెద్దగా తెలియని ఆ ముప్పై రెండుమంది రెండోసారి ఎందుకు వచ్చారు? 1986 డిసెంబరు దాకా, పదకొండేళ్లకు పైగా, ఆ క్లబ్బు ఎలా నిలిచింది? ఊళ్లో ప్రోగ్రామర్లందరినీ ఒకచోట చేర్చాలని ఉత్సాహంగా మొదలుపెట్టి, మూడో సమావేశానికే ఖాళీ కుర్చీల వంక చూస్తూ కూర్చున్నవాళ్లకు పనికొచ్చే ప్రశ్న ఇది.

1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ వచ్చింది. కిట్ ధర 397 డాలర్లు. కీబోర్డు లేదు, తెర లేదు, మెమరీ 256 బైట్లు. ముందున్న స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ ప్రోగ్రామ్ ఎక్కించాలి, జవాబు మినుకుమినుకుమనే దీపాల్లో చదువుకోవాలి. ఫ్రెంచ్ గ్యారేజీలోకి అలాంటిది ఒకటి వచ్చింది. దాంతో ఏం చేయవచ్చో అక్కడున్న ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలిసినవాడు లేడు కాబట్టి ఉపన్యాసమూ లేదు. వచ్చినవాళ్లు వరసగా తమ పేరు, తాము చేస్తున్న పని చెప్పుకున్నారు. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కాలిక్యులేటర్లు డిజైన్ చేసే ఓ బిడియస్థుడు ఇది టీవీ టెర్మినళ్ల సమావేశం అనుకుని స్నేహితుడి వెంట వచ్చాడు. అందరూ చర్చిస్తున్న చిప్పు సంగతి తనకు తెలియక ముడుచుకుని కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక మైక్రోప్రాసెసర్ డేటా షీటు పట్టుకెళ్లాడు. ఆ రాత్రి కాగితం మీద గీసుకున్నదే తర్వాత ఆపిల్ వన్ కంప్యూటర్ అయిందని స్టీవ్ వోజ్నియాక్ తన ఆత్మకథలో చెప్పాడు.

బిడియస్థుడికి కూడా చోటు దొరికేలా సభను నడపడం ఒక విద్య. గ్యారేజీ చాలక క్లబ్బు కొన్నాళ్లకు స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ సెంటర్ ఆడిటోరియానికి మారింది. రెండు వారాలకోసారి వందలమంది వచ్చే ఆ సభకు లీ ఫెల్సెన్‌స్టైన్ సమన్వయకర్త అయ్యాడు. చేతిలో పొడవాటి కర్ర పట్టుకుని, చెయ్యెత్తినవాళ్లను ఒక్కొక్కరినే చూపిస్తూ లేపేవాడు. లేచినవాడు నాలుగు ముక్కల్లో ముగించాలి: ఫలానాది తయారుచేస్తున్నాను, ఫలానా చోట ఆగిపోయాను, ఫలానా చిప్పు నా దగ్గర మిగిలింది, ఫలానా కంపెనీ గురించి ఓ పుకారు విన్నాను. వాదం మొదలైతే ఆయన మాట తుంచేసి కర్రను ఇంకొకరి వైపు తిప్పేవాడు. ఈ భాగానికి వాళ్లు పెట్టుకున్న పేరు మ్యాపింగ్. ఆ తర్వాత ర్యాండమ్ యాక్సెస్, అంటే విడివిడిగా కలుసుకునే సమయం. కెపాసిటర్లు అడిగినవాడి దగ్గరికి అవి ఉన్నవాడు నడిచి వెళ్తాడు. కాసేపటికి ఆ ప్రాంగణమంతా ఆదివారం సంతలా ఉండేది.

ఈ రెండు భాగాల వరసలోనే క్లబ్బు బలమంతా ఉందని గట్టిగా అనవచ్చు. ముందు ఎవరి దగ్గర ఏముందో అందరికీ తెలియాలి, ఆ తర్వాతే జనాన్ని వదలాలి. కొత్తవాళ్లను ఒకేసారి వదిలేస్తే ఒకే ఆఫీసువాళ్లు ఒక మూలకు చేరతారు. కొత్తగా వచ్చినవాడు గోడనానుకుని ఫోను చూసుకుంటాడు.

చేసి చూపించడానికి కూడా అక్కడ చోటుండేది. ఏప్రిల్ సమావేశానికి స్టీవ్ డాంపియర్ తన ఆల్టెయిర్ మోసుకొచ్చి, పక్కన ఓ చిన్న రేడియో పెట్టి, స్విచ్చులతో ప్రోగ్రామ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఎవరి కాలో తగిలి ప్లగ్గు ఊడింది, ఎక్కించిందంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. కంప్యూటర్ వెదజల్లే విద్యుదయస్కాంత తరంగాలు రేడియోలో గరగరమనకుండా బీటిల్స్ పాట పలికాయి. శబ్దం పుట్టించే పరికరమేదీ లేని యంత్రం పాడేసరికి సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డాంపియర్ స్లైడ్లు చూపించి ఉంటే ఆ చప్పట్లు పడేవి కావు.

ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక చీకటి కోణం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆల్టెయిర్ కోసం రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న పేపర్ టేపు ఒకటి క్లబ్బు సభ్యుల చేతికి చిక్కి కాపీలుగా పంపకమైంది. ఒకటి తీసుకెళ్లినవాడు వచ్చేసారి రెండు తేవాలన్నది అక్కడి మర్యాద. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కోపంతో బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ కొన్నవాళ్లలో బేసిక్‌కు డబ్బు కట్టింది పదిశాతం లోపేనని, తమ కష్టానికి గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదని లెక్క చెప్పాడు. లెక్క సంగతి ఎలా ఉన్నా ఆయన ఫిర్యాదులో న్యాయం ఉంది. దానికి అన్నిటికన్నా మంచి జవాబు మాత్రం తిట్లలో రాలేదు, కోడ్‌లో వచ్చింది. కొద్దిపాటి మెమరీలో ఇమిడే టైనీ బేసిక్‌ను ఔత్సాహికులే రాసి, పూర్తి కోడ్‌ను పత్రికల్లో అచ్చువేసుకున్నారు. వాళ్లలో ఒకరైన లీ చెన్ వాంగ్ తన ప్రోగ్రామ్ మీద కాపీరైట్‌కు బదులు సరదాగా కాపీలెఫ్ట్ అని రాసుకున్నాడు.

ఇక మన ఊళ్ల సంగతి. పైథాన్ ప్రోగ్రామర్ల సమావేశమైన పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై, 2018లో హైదరాబాద్‌కు వచ్చింది. హైదరాబాద్‌లో పైథాన్ బృందం ఉంది. తెలుగులో కంప్యూటర్ వాడుకునేలా ‘స్వేచ్ఛ’ అనే సంస్థ కార్యకర్తలు చేసిన పని ఉంది. పక్కనే చెన్నైలో లినక్స్ వాడకందార్ల బృందం నెలనెలా రెండో శనివారం కలుసుకోవడం ఏళ్ల తరబడి సాగించింది. తేదీ మారదు కాబట్టి పిలవకుండానే జనం వస్తారు. మనకు కొరత పడింది మనుషులు కాదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో శనివారం మీటప్ అంటే ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్లాలి, ఒకరి తర్వాత ఒకరు స్లైడ్లు వేస్తారు, ప్రశ్నలకు ఐదు నిమిషాలు, సమోసా, టీ, సెల్ఫీ. పక్క కుర్చీ అబ్బాయి ఏం తయారుచేస్తున్నాడో తెలియకుండానే మెట్రో ఎక్కుతారు. వక్తలు ఎంత మంచివాళ్లయినా ఇది సముదాయం కాదు, ఉచిత క్లాసు. అంతకంటే మంచి క్లాసులు యూట్యూబ్‌లో ఉన్నాయి, వాటికి గేటు దగ్గర సంతకం పెట్టనక్కర్లేదు.

హోమ్‌బ్రూ కూడా స్వర్గమేమీ కాదు. సభ్యులు ప్రాసెసర్ టెక్నాలజీ, క్రోమెమ్‌కో, ఆపిల్ లాంటి కంపెనీలు పెట్టుకున్నాక, ఏం చేస్తున్నావని అడిగితే నోరు విప్పనివాళ్లు పెరిగారు. తన యంత్రం సర్క్యూట్ కాగితాలను జిరాక్సు తీసి ఉచితంగా పంచిన వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్‌తో కలిసి 1976లో దాన్ని 666.66 డాలర్లకు అమ్మాడు. పంచుకోవడానికే క్లబ్బు పెట్టిన మూర్ తొలినాళ్లలోనే దూరమయ్యాడు.

వరంగల్‌లోనో విజయవాడలోనో అనంతపురంలోనో ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్లు వక్త కోసం, స్పాన్సర్ కోసం వెతకడం ఆపండి. కాలేజీ ల్యాబో, గ్రంథాలయంలో గదో అడిగి, నెలకు ఒక తేదీ ఖాయం చేసి మార్చకండి. కరపత్రం మీద ముఖ్య అతిథి పేరు వేయకండి. ‘ఏం తయారుచేస్తున్నారు, ఎక్కడ ఆగిపోయారు’ అన్న రెండు ప్రశ్నలు మాత్రం వేయండి. తెలుగులోనే వేయండి. ఇంగ్లిషుకు జంకి వెనక బెంచీలో కూర్చునే డిప్లొమా విద్యార్థి లేచి నిలబడేది అప్పుడే.