జీవరసాయన పట్టా చదువు: కొలత నేర్పని ప్రణాళిక

శాస్త్రములలో జీవరసాయనశాస్త్రము వయస్సున చిన్నది. 1897 లో జర్మనీ దేశమున బుఖ్నరు అను రసాయనజ్ఞుడు ఈస్టును ఇసుకతో నూరి, రసము పిండి, కణము లేవియు మిగులకుండ వడపోసి, అందు చక్కెర కలిపెను. ప్రాణము లేని ఆ రసములో కూడ చక్కెర పులిసి సారాయమును, బొగ్గుపులుసు వాయువును ఇచ్చెను. జీవక్రియలను పరీక్షనాళికలోనికి తెచ్చి కొలువవచ్చునని ఆనాడు రుజువైనది. 1914 లో హాప్కిన్సు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు తొలి ఆచార్యుడయ్యెను. నేడు మన జిల్లా పట్టణములలోని డిగ్రీ కళాశాలలలో సైతము ఇది బి.ఎస్‌సి. పాఠ్యవిషయముగ నున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఈ పట్టాకై మనము విద్యార్థికి ఏమి నేర్పుచున్నాము, ఏమి నేర్పక విడుచుచున్నాము అనునది విచారింపవలసియున్నది.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము (యు.జి.సి.) 2015 లో క్రెడిట్ల పద్ధతితో పాటు జీవరసాయన ఆనర్సు పట్టాకు ఒక నమూనా ప్రణాళికను వెలువరించినది. అందు ఆరు సెమిస్టర్లు, 140 క్రెడిట్లు. ప్రధాన పత్రములు 14. ఒక్కొక్క దానికి సిద్ధాంతమునకు 4, ప్రయోగములకు 2 క్రెడిట్లు. జీవపదార్థములోని అణువులు, కణము, మాంసకృత్తులు, ఎంజైములు, పిండిపదార్థముల జీవక్రియ, కణత్వచములు, హార్మోనులు, మానవ శరీరక్రియ, జన్యువులు, జన్యు ఇంజనీరింగు, రోగనిరోధకశక్తి — ఇట్లు వరుస సాగును. 2022 డిసెంబరులో అదే సంఘము ప్రకటించిన నూతన చట్రములో మూడేండ్ల పట్టాకు 120, నాలుగేండ్ల ఆనర్సు పట్టాకు 160 క్రెడిట్లు నిర్ణయింపబడినవి. లెక్కలు మారినను నా విమర్శకు మూలమైన లోపము లెక్కలు మార్చిన మాత్రమున తీరునది కాదు.

మొదట గుణమును చెప్పుట న్యాయము. అణువుతో మొదలిడి కణమునకు, కణము నుండి దేహమునకు పోవు ఈ క్రమము చక్కనిది. ప్రతి ప్రధాన పత్రమునకు ప్రయోగములు జతచేయుట ఇంకను మెచ్చదగినది. ఈ ప్రణాళికను చదివిన విద్యార్థికి నేటి జీవరసాయనశాస్త్రపు విస్తీర్ణము తెలియుననుటలో సందేహము లేదు.

విస్తీర్ణము తెలియును, కొలుచుట తెలియదు. నా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పెదను. మూడవ సంవత్సరపు విద్యార్థిని యొకతె, అన్ని పత్రములలోను మంచి మార్కులు తెచ్చుకొన్నది. గ్లూకోజు చక్కెర విచ్ఛిన్నమగు పది మెట్లను, ఆ పది ఎంజైముల పేర్లను తడబడకుండ చెప్పగలదు. నేనొకనాడు ఒక ద్రావణమును పదవ వంతుకు పలుచన చేయుమంటిని. ఆమె ఒక మిల్లీలీటరు ద్రావణము తీసికొని, పది మిల్లీలీటర్ల నీరు పోసినది.

"ఇది ఎన్నో వంతమ్మా?" అని అడిగితిని.

"పదో వంతే కదా సార్. ఒకటికి పది కలిపాను" అన్నది.

ఒకటికి పది కలిపిన పదకొండగును. కనుక అది పదవ వంతు కాదు, పదకొండవ వంతు. ఇంతమాత్రమునకే ఇంత విమర్శయా అని పాఠకులు అడుగవచ్చును. రక్తపరీక్షలో ఈ తప్పు జరిగినదనుకొనుడు. ఉదయము పరగడుపున రక్తములో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉన్నచో మధుమేహముగ ఎంతురు. ఒక రోగికి నిజముగ 130 ఉన్నది. రక్తమును పదకొండవ వంతుకు పలుచన చేసి, పదవ వంతనుకొని పదితో హెచ్చవేసినచో వచ్చు జవాబు 118. అతనికి రోగము ఇంకను రాలేదని కాగితము చెప్పును. అతడు నమ్మకముతో ఇంటికి పోవును. నేడు పరీక్షలను యంత్రములే చేయుచున్నవి కదా యందురేమో! ఆ యంత్రమునకు ప్రమాణముగ ఇచ్చు ద్రావణమును పొడి నుండి తగినంత నీటితో కలిపి సిద్ధము చేయునది అనేక చోట్ల మనుష్యుని చేయియే. ఆ చేయి తప్పినచో యంత్రము ఆ తప్పునే నమ్మకముగ అచ్చువేయును.

ఆ అమ్మాయిని నేను నిందింపను. తప్పు మూడేండ్లు ఆమెకు పాఠము చెప్పిన మాది. మాకు ప్రణాళిక వ్రాసి యిచ్చినవారిది. ద్రావణములను తయారుచేయుట, బఫర్లను కలుపుట ఆ 2015 నమూనాలో లేకపోలేదు. మొదటి సెమిస్టరు ప్రయోగములలోనే ఉన్నవి. కాని తరువాతి సెమిస్టర్లలో వాటి మాట మరల వచ్చుట అరుదు. ప్రయోగశాలలో విద్యార్థులు రాకముందే సహాయకుడు ద్రావణములన్నియు కలిపి, సీసాలపై చీటీలంటించి, బల్లపై వరుసగ పెట్టును. విద్యార్థి చేయునది ఒక సీసాలోనిది మరియొక నాళికలో పోయుట. పరీక్షనాడు రికార్డు పుస్తకమునకు కొన్ని మార్కులు, మౌఖిక ప్రశ్నలకు కొన్ని. వచ్చిన జవాబు సరియైనదా యని అడుగువారు తక్కువ.

రెండవ లోపము ఇంకను లోతైనది. ఆ పదునాలుగు ప్రధాన పత్రములలో భౌతిక రసాయనశాస్త్రమునకు గాని, గణితమునకు గాని ప్రత్యేకముగ ఒక్క పత్రమైనను లేదు. శక్తిమార్పులను గూర్చిన పత్రములో ఉష్ణగతిక సూత్రములు కొంత వచ్చును; తక్కినది విద్యార్థి ఇతర శాఖలనుండి ఎన్నుకొను పత్రములకు వదలివేయబడినది. మన విద్యార్థులలో ఎక్కువమంది ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు. వారికి గణితము పదవ తరగతితో ఆగిపోవుటయే ఇన్నాళ్ల వాడుక. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములలో జీవరసాయన పట్టా కోరువాడు సామాన్య రసాయనము, కర్బన రసాయనము, భౌతికశాస్త్రము, కలనగణితము తప్పక చదువవలెను. వారిని చూచి మనము అన్నియు అనుకరింపనక్కరలేదు. కాని వారు పునాది వేసి గోడ కట్టుచుండగా, మనము గోడకే రంగులు వేయుచున్నాము.

గణితము లేనిచో ఏమి నష్టమో ఒక్క ఉదాహరణముతో తెలియును. మన రక్తపు పి.హెచ్. సుమారు 7.4. అది 7.1 కి తగ్గినదనిన విద్యార్థికి అల్పమైన తేడాగ తోచును. పి.హెచ్. సంవర్గమానములతో (లాగరిథములతో) కట్టిన కొలత. రెండు యొక్క సంవర్గమానము 0.3. కావున ఆ 0.3 తగ్గుదలకు అర్థము హైడ్రోజన్ అయానులు రెట్టింపైనవని. అట్టి రోగి ప్రాణాపాయములో నున్నట్లే. సంవర్గమానము తెలియనివానికి ఈ అంకె అంకెగనే మిగులును, అపాయము కనబడదు.

ఈ శాస్త్రము కొలత వలన ఎట్లు పెరిగినదో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 1895 లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925 లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. భాస్వరము ఎంతయున్నదో నీలిరంగు గాఢతను బట్టి చెప్పు పద్ధతి అది. కండర రసముతో పరీక్షించునప్పుడు రంగు ఉండవలసిన వేగముతో రాక, నెమ్మదిగ ముదురుట వారు గమనించిరి. మరియొకరైనచో అది పద్ధతిలోని చికాకని విడిచెడివారు. వారు విడువలేదు. ఆ ఆలస్యమునకు కారణమును వెదకగా, తేలికగ విడిపోవు ఒక భాస్వర సంయోగము, ఫాస్ఫోక్రియాటిన్, 1927 లో బయల్పడినది. 1929 లో జీవకణపు శక్తినాణెమనదగిన ఏ.టి.పి.ని కండరములో గుర్తించిరి; అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ వేరుగ దానిని కనుగొనెను. నేడు మన విద్యార్థి ఏ.టి.పి. పేరు దినమునకు పదిసార్లు వ్రాయును. దానిని చూపించిన నీలిరంగును ఒక్కసారియైనను తన చేత రప్పించునా?

కావున నా సూచనలు మూడు. మొదటిది: తొలి సెమిస్టరులో నిష్పత్తులు, సంవర్గమానములు, సరళరేఖాచిత్రములు, కొలతలోని పొరపాట్లు, ద్రావణముల రసాయనము గల ఒక పత్రమును తప్పనిసరి చేయవలెను. రెండవది: రసాయనశాస్త్రమును ఐచ్ఛికముగ వదలరాదు. మన ప్రాంతమున చిరకాలము మూడు విషయములకు సమాన స్థానమిచ్చిన పాత బి.ఎస్‌సి.లో రసాయనము జీవరసాయనమునకు తోడుగ నడచెడిది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుండి ఒక ప్రధాన విషయము, ఒక ఉపవిషయము అను ఏర్పాటు వచ్చినది. అట్టి ఏర్పాటులో జీవరసాయనము ఎన్నుకొన్నవారికి ఉపవిషయము రసాయనమే కావలెను.

మూడవది ప్రయోగములను గూర్చినది. వారమునకొక కొత్త ప్రయోగము పెట్టుటకు బదులు, ఒక సెమిస్టరంతయు ఒక్క ఎంజైమును పట్టుకొని సాగవలెను. పెసలు నానబోసి మొలకెత్తించిన, అందు ఆమ్ల ఫాస్ఫటేజ్ అను ఎంజైము దొరకును. నమూనాలో ఈ ప్రయోగము ఉన్నదే. విద్యార్థి తానే బఫరు కలిపి, మొలకలు నూరి, ఎంజైమును కొంత శుద్ధిచేసి, దాని వేగమును కొలువవలెను. మైకేలిస్, మెంటెన్ 1913 లో వ్రాసిన సమీకరణములో తన అంకెలు ఇముడునో లేదో తానే రేఖ గీచి చూడవలెను. పరీక్షలో తెలియని నమూనా ఇచ్చి, సరియైన జవాబుకే ఎక్కువ మార్కులు వేయవలెను.

ధనము లేదు, పరికరములు లేవు, అధ్యాపకులు చాలరు అను ఆక్షేపణ వచ్చును. అది కొంత నిజము. కాని గిద్దెడు పెసలకు, ఒక పిపెట్టుకు, ఒక కలోరిమీటరుకు కావలసిన ధనము జన్యు ఇంజనీరింగు పరికరములకు కావలసిన దానిలో ఎన్నవ వంతు! లేని యంత్రమును గూర్చి నోట్సు వ్రాయించుటకంటె, ఉన్న పిపెట్టును సరిగ పట్టుట నేర్పుట మేలు.

ఆ విద్యార్థిని మరునాడు తానే వచ్చి, ఒక మిల్లీలీటరు ద్రావణమునకు తొమ్మిది మిల్లీలీటర్ల నీరు పోసి చూపినది. నేర్చుటకు అయిదు నిమిషములు చాలినవి. మూడేండ్లలో ఆ అయిదు నిమిషములకు చోటివ్వని ప్రణాళికను సవరించుట మన పని.