సున్నం పూసిన టెంకాయ

శ్రావణ గురువారం ఉరుకుంద ఈరన్న దర్శనం చేసుకుని వస్తూ, తెలిసిన డ్రాయింగ్ మాస్టారింట్లో ఆగాను. పిల్లల షీట్లు ముందు పడేశాడు. అన్నిట్లోనూ ఒకే బంతి, ఒకే నిగనిగ. వేలితో రుద్దారన్నమాట. అది వదిలేస్తాను. నన్ను మండించింది బంతి.

“ఆదోని కొండలనిండా గుండ్లు పెట్టుకుని పుస్తకంలో బంతి ఎందుకయ్యా?” అన్నాను. కార్ట్రిడ్జ్ పేపరు మీద 4బి పెన్సిల్ వాల్చి గీస్తే గ్రానైటు గరుకు దానంతటదే వస్తుంది. నల్లరేగడిలో కూర్చున్న గుండు అడుగు చీకటి. పరుపుబండ మీది గుండు అడుగున మాత్రం కిందనుంచి ఎగిరొచ్చిన లేత వెలుగు. రిఫ్లెక్టెడ్ లైట్ అని ఎంత నూరిపోసినా ఎక్కనిది అక్కడ కంటికే కనిపిస్తుంది. బంతులు, ప్లాస్టర్ తలకాయలు బొంబాయి జె.జె. స్కూలు లాంటి దొరల కాలపు బళ్ల అలవాటేనని కూడా దంచాను.

మాస్టారు వాదించలేదు. ఆదివారం పిల్లల్నీ నన్నూ కొండ కిందికి తీసుకుపోయాడు.

అవుట్‌లైన్ అయ్యేసరికి ఒకడు అరిచాడు: “నీడ జరిగిపాయ సార్!” చెరిపి మొదలుపెడితే మబ్బు పట్టింది, నీడే లేదు. ఒక పాప బండ మీది వాననీటి నల్లచారను నీడనుకుని దట్టంగా నింపేసింది. ఏది రాయి నలుపో, ఏది నీడ నలుపో తేల్చడం పెద్దవాళ్లకే కష్టం.

ప్లాస్టర్ తెల్లగా ఎందుకుంటుందో అక్కడ తెలిసొచ్చింది. మచ్చా మరకా లేని తెలుపు మీద కనిపించే నలుపంతా నీడదే. బొమ్మల బళ్లలో ఉత్తరం కిటికీ కూడా అందుకే: ఏడాదిలో ఎక్కువ నెలలు అందులోంచి ఎండ నేరుగా పడదు, నీడ తొందరపడి కదలదు. మన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) చేయి తిరిగింది ఆ జె.జె.లోనే మరి.

గుండ్లను వదలక్కర్లేదు, కానీ ముందు కోడిగుడ్డు. ఒకే కిటికీ తెరిచి, నల్లబట్ట మీద పెట్టి ఒకసారి, తెల్లకాగితం మీద పెట్టి ఒకసారి గీయించాలి. హెచ్‌బి, 2బి, 4బి చాలు. రెండు బొమ్మల్లోనూ అడుగుభాగం వేరుగా వేసినవాడు కొండకు రావచ్చు.

మాస్టారు తల గోక్కున్నాడు. శ్రావణంలో ఈరన్నకు మొక్కుకున్న ఇళ్లలో గుడ్డు దొరకదట. నెల పోయేదాకా టెంకాయకు పీచు తీసి, రెండుసార్లు సున్నం పూసి ఆరబెడతానన్నాడు.