మూలము, వ్యాఖ్య, అమీర్‌పేట

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నము దారిని, చెరకుతోటల నడుమ నున్న కోటవురట్ల వంటి మండలకేంద్రమున, ఇంజనీరింగు పట్టా చేతికి వచ్చిన పిల్లవాడుగాని పిల్లగాని ఉన్న యింటికి చుట్టము వచ్చినచో, క్షేమసమాచారముల పిమ్మట అడుగు మొదటి మాట, "అమీర్‌పేట ఎప్పుడు పంపుతున్నారండీ?" అనునదియే. నాలుగేండ్లు చదివిన చదువు చాలదా యని ఎవరును ప్రశ్నింపరు. చాలదని అడుగువారికిని తెలియును, బదులు చెప్పువారికిని తెలియును. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను అనకాపల్లిలోనో తునిలోనో ఎక్కి, తెల్లవారుజామున సికింద్రాబాదున దిగి, అక్కడినుండి సిటీబస్సులో, 2017 నవంబరు తరువాత మెట్రోలో, హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనము చేరుట ఉత్తరాంధ్ర యువతకు ఒక తరమునుండి మరియొక తరమునకు సంక్రమించిన మార్గము.

ఆ మైత్రీవనమును, దాని ప్రక్కనున్న ఆదిత్య ఎన్‌క్లేవ్‌ను, ఒకప్పటి సత్యం థియేటరు పరిసరములందలి సందులను చూచినవారికి వర్ణన అక్కరలేదు. ఒకదానిపై నొకటి కప్పుకొనిపోయిన శిక్షణకేంద్రముల బోర్డులు, ప్రతి బోర్డుపై జావా, పైథాన్, ఒరాకిల్ వంటి పేర్లు, క్రింద జిరాక్స్ దుకాణములు, వెనుక హాస్టళ్లు. దీనిని విశ్వవిద్యాలయమని పరిహాసమునకు పిలుచువారు గలరు. నేను పరిహాసమునకు అనను. సాఫ్ట్‌వేరు విద్యను తెలుగువారు తమ పద్ధతిలోనికి మలచుకొన్న చోటు ఇది. ఆ పద్ధతి మనకు క్రొత్తది కాదు, వ్యాఖ్యాన పద్ధతి.

మెదకు సీమలోని కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యములకు వ్యాఖ్య వ్రాసినపుడు అనుసరించిన క్రమమును గమనింపుడు. ముందు శ్లోకమును అన్వయక్రమమున విప్పును. ప్రతిపదమునకు అర్థము చెప్పును. వ్యాకరణ విశేషమును చూపును. కోశమునుండి ప్రమాణము తెచ్చును. పిదప అలంకారమును పేర్కొనును. అమీర్‌పేట అధ్యాపకుడు జావా భాషను బోధించు క్రమమును దీని ప్రక్కన నుంచినచో పోలిక తానై బయటపడును: సూత్రము, దాని అంగములు, ఉదాహరణము, ఫలితము, అపవాదము, చివరకు ఇంటర్వ్యూలో దానినుండి వచ్చు ప్రశ్న. 1995లో లోకమునకు విడుదలైన ఆ భాషకు మరుసటి యేడు జేమ్స్ గోస్లింగ్, బిల్ జాయ్, గై స్టీల్ అను మువ్వురు కలిసి సమగ్రమైన లక్షణగ్రంథమును వెలువరించిరి. అది మూలము. దానిని అమీర్‌పేటలో తెరచినవారు అరుదు. దాని సారమును కంఠస్థము చేసినవారు మాత్రము ఎందరో.

ఈ పద్ధతిలోని మొదటి అంగమైన డెమోనుగూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. రుసుము చెల్లింపక ముందే తొలి పాఠము వినవచ్చును. నచ్చినచో చేరవచ్చును, నచ్చనిచో ఎదుటి మేడకు పోవచ్చును. కళాశాలలలో గురువును ఎంచుకొను స్వాతంత్ర్యము శిష్యునకు లేదు, ఇక్కడ కలదు. కావుననే చెప్పలేనివాడు ఇక్కడ నిలువలేడు.

రెండవ అంగము రన్నింగ్ నోట్సు. అధ్యాపకుడు బోర్డుపై వ్రాయుచు, చెప్పుచు, చెప్పినదానినే మరల చెప్పుచు పోవును. శిష్యులు పొడవాటి పుస్తకములలో అక్షరము తప్పకుండ దించుకొందురు. కంప్యూటరు విద్యను కాగితముపై నేర్పుట హాస్యాస్పదమని నవ్విన విద్యావంతులను నేనెరుగుదును. కాని ఆ నవ్వులో తొందరపాటు కలదు. తెరముందు కూర్చున్నవాడు తోచినది టైపు చేసి, ఫలితము రానిచో ఇంకొకటి మార్చి, అదియు పొసగనిచో మరియొకటి మార్చి, ఏ మార్పువలన పని జరిగినదో తెలియకయే ముందుకు పోవును. కాగితముపై వ్రాయువానికి ఆ వెసులుబాటు లేదు. యంత్రము చేయవలసినదంతయు తన మనస్సుననే జరుపవలెను. దీనినే డ్రై రన్ అందురు. 472 అను సంఖ్యను తిరుగవ్రాయు చిన్న ప్రోగ్రామును తీసికొందము. పుస్తకములో మూడు నిలువు గీతలు గీసి, శేషమునకు ఒక గడి, తిరుగుపడుచున్న సంఖ్యకు ఒక గడి, మిగిలిన సంఖ్యకు ఒక గడి ఏర్పరచి, పదితో భాగించగా వచ్చు శేషము 2, తిరుగు సంఖ్య 2, మిగిలినది 47. మరల భాగించగా శేషము 7, తిరుగు సంఖ్య 27, మిగిలినది 4. ఇంకొకమారు భాగించగా శేషము 4, తిరుగు సంఖ్య 274, మిగిలినది సున్న. ఆవృత్తి ఆగినది అని వ్రాసికొన్న విద్యార్థి లూపు అను దాని స్వరూపమును ఇక మరువడు. తెలుగు మాధ్యమమున పదవ తరగతివరకు చదివి, ఇంజనీరింగులో ఆంగ్ల గ్రంథముల ముందు మూగవోయిన పల్లెటూరి పిల్లలకు ఈ మూడు గడుల పట్టిక ఒసగిన ధైర్యమును ఏ పరీక్షయు కొలువజాలదు.

మూడవ అంగము మరింత సూక్ష్మమైనది. నా దృష్టిలో ఈ సంప్రదాయపు అసలు ప్రతిభ అక్కడ నున్నది. పాఠ్యగ్రంథము నియమమును చెప్పి ఊరకుండును. అమీర్‌పేట నోట్సు మాత్రము కేస్ 1, కేస్ 2, కేస్ 3 అని విడగొట్టి, నియమము ఎక్కడ తడబడునో, చదువరి ఎక్కడ భ్రమపడునో అచ్చటచ్చట దీపము పెట్టును. జావాలో ఒకే అక్షరములు గల రెండు పదమాలికలు సమానములా యను ప్రశ్న వచ్చినదనుకొనుడు. రెండింటిని నేరుగా ఉల్లేఖన చిహ్నముల నడుమ వ్రాసినచో, జావా వానిని ఒకే నిధియందు ఒక్కటిగా దాచును గనుక, జంట సమాన చిహ్నము అవునని చెప్పును. ఒకదానిని న్యూ అను పదముతో సృష్టించినచో అది వేరొక వస్తువగును గనుక, అదే చిహ్నము కాదని చెప్పును. ఈక్వల్స్ అను పద్ధతిని పిలిచినచో అక్షరములను మాత్రమే పోల్చును గనుక, ఉభయత్ర అవుననియే చెప్పును. ఈ మూడు స్థితులను ప్రక్కప్రక్కన నుంచి చూపినపుడు, వస్తువు యొక్క ఉనికి వేరు, దాని విలువ వేరు అను గంభీరమైన భేదము, ఏ తాత్త్విక ఉపన్యాసమును లేకయే, శిష్యుని బుద్ధిలో నాటుకొనును.

ఇట్లు తయారైన నోట్సులో చక్కని దస్తూరి గలవాని ప్రతి జిరాక్స్ దుకాణమునకు చేరి, అక్కడినుండి వేలకొలది ప్రతులుగా దేశమెల్ల వ్యాపించును. పేరులేని ఆ లేఖకునకు ప్రతిఫలము లేదు. అచ్చు పుస్తకములును ఆ దుకాణములలోనే అనుమతి లేక ప్రతులెత్తబడినవన్నది కప్పిపుచ్చదగిన విషయము కాదు.

ఈ పేటకు ఊపు తెచ్చినది గత శతాబ్దపు అంత్యదశ. సంవత్సరమును రెండంకెలలోనే దాచుకొన్న పాత ప్రోగ్రాములు 2000వ సంవత్సరమును 1900గా పొరబడునన్న భయముతో, 1959లో రూపుదిద్దుకొన్న కోబాల్ భాష తెలిసినవారికొరకు అమెరికా వెదకినపుడు, ఆ భాషను కొలది నెలలలో నేర్పగల చోట్లలో అమీర్‌పేట యొకటి. 1998 నవంబరులో హైదరాబాదున హైటెక్ సిటీ ప్రారంభమైనది. చైనాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు షియాంగ్ బియావ్ ఈ సాఫ్ట్‌వేరు శ్రమవిపణిని హైదరాబాదులోను ఆస్ట్రేలియాలోను పరిశోధించి 2007లో ఒక గ్రంథము ప్రకటించెను. తెలుగు పల్లెలలోని వ్యవసాయపు మిగులు, కట్నముల లెక్కలు, శిక్షణకేంద్రముల రుసుములు, విదేశీ వీసాలు ఒకే గొలుసున ఎట్లు కూర్పబడినవో చూపిన ఆ గ్రంథమును మనవారు ఎక్కువగా చదువకపోవుట విచారకరము.

దోషములును లేకపోలేదు. చేయని ఉద్యోగమును చేసినట్లు చూపు దొంగ అనుభవపత్రములు ఈ సందులకు తెచ్చిన అపకీర్తి అందరికి తెలిసినదే, దానిని సమర్థింపజాలను. అంతకన్న లోతైన దోషము వేరొకటి కలదు. వ్యాఖ్య మూలమునకు దారి చూపవలసినది, మూలమునకు బదులుగా కూర్చుండినది. నోట్సులో నున్న ప్రశ్న వచ్చినంతవరకు జయమే. లేనిది ఎదురైన దినమున, అనగా ఉద్యోగమున చేరిన మొదటి వారముననే, ఏ పుట త్రిప్పవలెనో తెలియక ఆ యువకుడు నిలిచిపోవును.

ఆ మూలసాహిత్యము ఎట్టిదో కొంచెము చెప్పవలెను. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు తమ యూనిక్స్ వ్యవస్థకు తొలి మాన్యువల్‌ను వెలువరించిరి. ప్రతి ఆదేశమునకు ఒక ప్రకరణము: ముందు పేరు, పిదప ప్రయోగరూపము, తరువాత వివరణము. సూత్రకారునివలె ఒక్క పదమును వ్యర్థముగా వాడరు. ముగింపునకు ముందు బగ్స్ అను శీర్షిక క్రింద తమ పనిముట్టులోని లోపములను తామే చెప్పుకొందురు. ఈ నిజాయితీ ఇతర వృత్తుల గ్రంథములలో అరుదు. ఆ సంప్రదాయమునకు వారసులైన లినక్స్ యంత్రములలో నేటికిని మాన్ అని టైపు చేసి ఆదేశము పేరు చేర్చినచో ఆ పుట తెరచుకొనును. ఇంటర్నెట్ అక్కరలేదు. 2014 అక్టోబరున హుద్‌హుద్ తుపానుకు విశాఖ ప్రాంతమున సంబంధములన్నియు తెగిపోయిన దినములలో సైతము, ల్యాప్‌టాప్‌లో చార్జి ఉన్నంతసేపు ఆ గ్రంథాలయము తెరచియే యుండెను.

పుస్తకములే కాదు, పనిముట్లును గురువులే. కోటవురట్లకు అనతిదూరమున వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాకలో, తిరుగుచున్న అంకుడు కర్రపై ఉలి ఎంత ఆనించవలెనో నేర్చుకొనువానికి ఆ కర్రయే చెప్పును. ఎక్కువ ఆనినచో చీలును. డీబగ్గరు అట్టిది: నడుచుచున్న ప్రోగ్రామును కోరిన పంక్తివద్ద నిలిపి, ఆ క్షణమున ప్రతి చరరాశియందును ఏమున్నదో చూపును. డ్రై రన్‌లో మూడు గడులు గీసినవానికి ఆ తెర పరిచితమైన పట్టికవలెనే తోచును. వ్యాఖ్యనుండి మూలమునకు వంతెన ఇక్కడనే యున్నదని నా నమ్మకము. 2005లో లినస్ టోర్వాల్డ్స్ సృష్టించిన గిట్ అను సాధనము ప్రతి మార్పును, చేసినవాని పేరుతోను కారణముతోను భద్రపరచును. నిన్న మొన్నటివరకు బాగుగనే యుండిన ప్రోగ్రాము వేయి మార్పుల నడుమ ఎక్కడనో చెడినచో, దానిలోని బైసెక్ట్ అను ఆదేశము నట్టనడిమి మార్పును పరీక్షింపజేసి, సగమును త్రోసివేసి, మిగిలిన సగమున మరల నడిమిదానిని పట్టును. పది పరీక్షలలో దోషి దొరకును. అమీర్‌పేటలో గిట్‌ను నేర్పుదురు. కాని పాత మార్పుల చరిత్రను ఒక గ్రంథమువలె కూర్చుండి చదువుట ఎవరును నేర్పుచున్నట్లు కానరాదు.

గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్ చేతికిచ్చి పదవ తరగతి తరువాతనే ఈ విద్యలోనికి దింపిన ప్రయోగము 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. 1994లో ట్యూరింగ్ బహుమానమును పంచుకొన్న చిత్తూరు సీమవాడు రాజ్ రెడ్డి దానికి తొలి కులపతి. ఐఐటీల పాఠములు ఎన్‌పీటీఈఎల్ అను ఆన్‌లైన్ వేదిక ద్వారా ఉచితముగ లభించుచున్నవి. కరోనా తరువాత అమీర్‌పేట అధ్యాపకులు సైతము తెరపైకి వచ్చిరి గనుక, రైలెక్కకయే మేడమీద గదిలో కూర్చుండి వారి పాఠము వినవచ్చును.

2022 చివర చాట్‌జీపీటీతో మరియొక వ్యాఖ్యాత వచ్చెను. ఎన్నిమారులు అడిగినను విసుగుకొనదు, తెలుగులో అడిగినను చెప్పును. ఈ గుణములు తక్కువవి కావు. అయితే మూలములేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అను మల్లినాథుని ప్రతిజ్ఞ దానికి లేదు. లేని ఫంక్షన్‌ను ఉన్నట్లే, చక్కని వినయముతో, ఉదాహరణసహితముగ చెప్పగలదు. ఇందుకు విరుగుడు అధికారిక గ్రంథమును ప్రక్కన తెరచియుంచుట యొక్కటే. జావా ప్రోగ్రాము కూలినపుడు తెరపై పడు ఏబది అరువది పంక్తుల దోషపత్రమును చూచి బెదరి, నేటి విద్యార్థి దానినంతటిని ఎత్తి యంత్రమునకు అప్పగించుచున్నాడు. అందులో కాజ్డ్ బై అని ఆరంభమగు పంక్తులలో చిట్టచివరిది సాధారణముగ అసలు కారణమును చెప్పును. దాని క్రింద తాను వ్రాసిన క్లాసు పేరు మొదట ఎక్కడ కనబడునో అక్కడ ఫైలు పేరును, పంక్తి సంఖ్యయు ఉండును. ఆ పంక్తికి పోయి చూచివచ్చినవాడు యంత్రమును అడుగు ప్రశ్న వేరుగా నుండును.