మాఫీ ఎవలు జెయ్యాలె?

మా కనకమామిడిల క్షమాపణ అనే మాట ఇండ్లల్ల వినపడదు. మాఫీ అంటరు. అప్పు మాఫీ, తప్పు మాఫీ.

నా చిన్నప్పుడు మా నాయిన ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నడు. బర్రె చేన్ల పడ్డదని ఆయన కట్టెతోని కొట్టిండు. నాయిన కుడి చెయ్యి విరిగి వంకరగనే అతుక్కున్నది. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, శత్రువును ప్రేమించమన్నరు, క్షమించమన్నరు. "నేను మాఫీ జేస్తనయ్యా, ఆయన అడిగిండా?" అన్నడు నాయిన. అక్షరం ముక్క రానోడు. డిగ్రీ చదివి, బీఈడీ చేసి, సర్కారు బడి పంతులునయిన నేను ఇప్పటికీ ఆ ప్రశ్న దగ్గరనే ఉన్న.

తెలుగు బైబిల్లో పరలోక ప్రార్థన తీసి చూడండి. అక్కడ వాడిన మాట ఋణం. బాకీ మాఫీ చెయ్యాలంటే ముందు అది లెక్కలోకి ఎక్కి ఉండాలి. మన ఊర్లల్ల లెక్క పుస్తకం ఎన్నడన్న మాదిగోడి చేతిల ఉన్నదా? లూకా 17వ అధ్యాయం, తప్పు చేసినవాణ్ణి ముందు గద్దించమంటుంది, మారుమనస్సు పొందితే క్షమించమంటుంది. 19వ అధ్యాయంలో జక్కయ్య అన్యాయంగా గుంజుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు. మా వాడకట్టులో వీటి మీద ప్రసంగాలు నేను విన్నవి తక్కువ. రెండో చెంప మీద విన్నవి లెక్కలేదు. ప్రధాన యాజకుని ముందు బంట్రోతు చెంప మీద కొడితే యేసు రెండో చెంప చూపలేదు, ఎందుకు కొట్టావని అడిగాడు. అది యోహాను సువార్తలోనే ఉంది.

సిలువ మీద ఎవరూ అడగకుండానే క్షమించమని ప్రార్థించలేదా అంటారు. నిజమే, అక్కడ నేనూ తడబడతాను. కాని ఆ మాట మేకులు దిగినవాడి నోట్లోంచి వచ్చింది. పక్కన నిలబడి చూసేవాడు బోధించింది కాదు.

మన సాహిత్యంలో ఈ తేడా పట్టుకున్నవాడు జాషువా. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అరుంధతీ సుతుడు పగబట్టడు. అట్లని మాఫీ కూడా చెయ్యడు. తనను గుడిలోకి రానియ్యరు, గబ్బిలానికి అడ్డులేదు. దానితోనే తన మొర కాశీ విశ్వనాథునికి పంపుతాడు. దెబ్బను దాచకుండా, కత్తి పట్టకుండా చెప్పడం. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది గాని (గబ్బిలం నాటికి అకాడమీ పుట్టనే లేదనుకోండి), క్రీస్తు మాట నాకు గబ్బిలంలోనే ఎక్కువ వినపడుతుంది.

మాకు దగ్గరే శంకర్‌పల్లి మండలం జన్వాడ. 2024 ఫిబ్రవరి 13న రోడ్డు వెడల్పు తగాదాలో అక్కడి మెథడిస్టు చర్చి మీద దాడి జరిగింది. దళిత క్రైస్తవులు గాయపడ్డారు. అట్రాసిటీ కేసయింది. "మీ దేవుడు క్షమించమన్నడు గద, మళ్ల కేసులెందుకు?" అని మా స్టాఫ్‌రూంల ఒక సారు నన్నడిగిండు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు, కాగితం మీద నేను బీసీ-సి. కొట్టేటోనికి మాత్రం ఏ కాగితం అక్కరలేదు.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ వాడ ఆడోళ్లను క్షమించమని చెప్పడానికి ఏ నోరొస్తది? కోర్టు లెక్కల బాకీనే లేదాయె.

మొన్నమొన్న ఆ ఆసామి పక్షవాతం వచ్చి మంచాన పడ్డడు. నాయిన పోయి చూసొచ్చిండు. నాకు కోపమొచ్చింది. ఏమన్నడే అని అడిగిన.

"ఏమనలే. నా చెయ్యి దిక్కే చూసుకుంట పండిండు."