కిటికీ మీద చేతి గీత

ఇంట్లో వేసుకునే స్టెయిన్డ్ గ్లాస్ పెయింటింగ్ చూడగానే అందరూ రంగుల గురించే మాట్లాడతారు. నా కన్ను మాత్రం ముందు నల్లగీత మీదికి పోతుంది. రంగు నింపడం నాలుగు రోజుల్లో వస్తుంది. గీత అలా రాదు. లైనర్ ట్యూబు మూతిని గాజుకు ఆనించకుండా కాస్త ఎత్తున నిలిపి, ఒకే ఒత్తిడితో నడపాలి. ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి జారినట్టు నల్లటి పేస్టు తనంతట తాను గాజు మీదికి దిగుతూ పోవాలి. మూతి ఆనిందా, గీత చెదిరిపోతుంది. మరీ ఎత్తితే వంకర్లు పోతుంది. చేయి ఆగినచోట బొట్టు పడుతుంది. సూరత్‌లోని కోసాడ్‌లో ఉండే మా చిన్నమ్మ రెండడుగుల తామరతూడును చేయి ఎత్తకుండా ఒక్క వంపులో దించుతుంది. “గీత నడుస్తుంటే ఊపిరి గూడ గట్టిగ తియ్యొద్దు బిడ్డా” అంటుంది. ఆ వంపు చూస్తే ఇది కాలక్షేపం పని అనడానికి ఎవరికీ నోరు రాదు.

సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందు మగ్గాలు గుర్తొస్తాయి. నేతపని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వైపు తరాలుగా స్థిరపడ్డాయి. చిన్నమ్మ ఉండే కోసాడ్ మాత్రం నగరానికి ఉత్తరపు కొసన, అమ్రోలి పక్కన ఉంటుంది. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు వరసగా సర్కారు ఆవాస్ బిల్డింగులు. ఎదురింటి కిటికీ మన కిటికీలోకి చూస్తుంటుంది. తెర వేస్తే ఇల్లు చీకటి, తీస్తే బజారు. రంగులద్దిన గాజు చూపును ఆపి వెలుగును లోపలికి రానిస్తుంది. ఇరుకింట్లో ఇంతకన్నా అక్కరకొచ్చే కళ నాకు తెలియదు.

అసలు స్టెయిన్డ్ గ్లాసులో గాజు కాగేటప్పుడే రంగు కలుస్తుంది: కోబాల్టుతో నీలం, మాంగనీసుతో ఊదా. ఆ గాజును ముక్కలుగా కోసి, సీసపు బద్దీల మధ్య ఇమిడ్చి అతుకుతారు. ముఖాలూ బట్టల మడతలూ విడిగా గీసి కొలిమిలో కాలుస్తారు. మన ఇంట్లో కోత లేదు, కొలిమి లేదు, సీసం అసలే లేదు, దాని స్థానంలో ఈ నల్లగీతే. అయినా సీసం పెట్టిన షరతులకు కట్టుబడిన పనే గొప్ప పని అని నేను గట్టిగా నమ్ముతాను. గాజు ముక్కను నడిమధ్యలో సగం కోసి ఆపలేం. కాబట్టి బొమ్మలో ఏ గీతా గాలిలో ఆగిపోకూడదు, పోయి మరో గీతనో అంచునో తాకాలి. లోపలికి మొనదేలిన మూల ఉన్న ముక్క అక్కడే పగులుతుంది. కాబట్టి అలాంటి మూల దగ్గర ఇంకో గీత తెచ్చి ఆ ముక్కను రెండు చేయాలి. చుట్టంచు లావుగా, లోపలి గీతలు సన్నగా ఉండాలి. చిన్నమ్మ వేసిన నెమలిలో ప్రతి ఈక చివరా ఇంకో ఈకను తాకుతుంది. తీసుకెళ్లి నిజమైన గాజుతో కోయించినా ఒక్క ముక్క తేడా రాదు. ఎవరూ అడగకపోయినా ఆమె పాటించే నియమం ఇది.

ఈ నియమం విశ్వరూపం చూడాలంటే మెదక్ చర్చికి పోవాలి. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో లేచిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో పనిచ్చి, అన్నం పెట్టి కట్టించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ చేసిన కిటికీలు అక్కడ మూడున్నాయి: 1927లో క్రీస్తు ఆరోహణం, 1947లో జననం, 1958లో సిలువ. మొదటిదానికీ చివరిదానికీ నడుమ మూడు దశాబ్దాలు! పొద్దు గూకాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ బొమ్మలు కనపడవని అక్కడివాళ్లు వింతగా చెబుతారు. వింత లేదు, బయటి వెలుగే ఆ బొమ్మకు ప్రాణం. ఈ కళ మొత్తం ఆ ఒక్క సంగతి మీద నడుస్తుంది.

గుజరాత్ గొప్పతనం చెప్పకపోతే నా మనసు ఒప్పదు. పద్దెనిమిదో శతాబ్దంలో రామ్‌సింహ్ మాలమ్ అనే నావికుడు ఓడ మునిగి, డచ్చివాళ్ల చేతిలో పడి, హాలండ్ చేరి గాజుపనీ ఎనామెల్ పనీ నేర్చుకుని తిరిగొచ్చాడట. కచ్ పాలకుడు రావ్ లఖ్‌పత్‌జీ ఆయనను ఆదరించాడు. భుజ్‌లోని ఐనా మహల్ ఆ చేతి చలవే. 2001 భూకంపం దాన్ని బాగా దెబ్బతీసింది గాని, ఆ పేరును చెరపలేకపోయింది.

ఇక రంగు. సీసాను కుదిపితే బుడగలు లేస్తాయి, కుదపకూడదు. గాజును బల్ల మీద చదునుగా పరిచి, గీత గట్టిపడేదాకా ఆగి, గడి అంచుల నుంచి మధ్యకు రంగు వదలాలి. అదే చోట రెండోసారి బ్రష్ పెడితే మరక తేలుతుంది. లేచిన బుడగను సూదిమొనతో పొడవాలి. నీళ్ల రంగు తడిమీద పాలలా కనిపించి ఆరాక తేటపడుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి ఇంకాస్త పోసి చెడగొడతారు. సూరత్ వానల్లో అది ఆరనే ఆరదు, అందుకే చిన్నమ్మ ఆ నెలల్లో డిజైన్లే గీస్తుంది. నీలం పక్క గడిలోకి పొంగినట్టు కనిపిస్తుందని ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలె-ల్య-దుక్ పందొమ్మిదో శతాబ్దంలోనే రాశాడు. ఆయన పేరు వినకపోయినా చిన్నమ్మ నీలం చుట్టూ గీతను ఒక పాలు లావుగా వేస్తుంది. కన్ను నేర్పిన చదువు అది.

గాజు వెనక నలిపిన వెండి ఫాయిల్ పెట్టి ఫ్రేము కట్టే పద్ధతి ఒకటుంది. ఒకప్పుడు మన ఇళ్లలో అలా కట్టిన వినాయకుడు లేని హాలు ఉండేది కాదు. అభిమానులు కోప్పడినా సరే, నేను దాన్ని ఈ కళగా ఒప్పుకోను. వెనక రేకు అడ్డుపెట్టాక వెలుగు ఎక్కడినుంచి వస్తుంది? మెరుపు వేరు, వెలుగు వేరు.

ఫాయిల్‌దైనా చేతి పనే. నా కడుపుమంటంతా ప్లాస్టిక్ ఫిలిం మీద. చుట్టలు చుట్టలుగా అమ్మే ఆ అచ్చు స్టిక్కర్‌ను అడుగుల లెక్కన కోసి, నీళ్లు చల్లి అంటించేస్తున్నారు. కిటికీ కొలతకు కోస్తే గులాబీ సగానికి తెగుతుంది, గీతలు గాలిలో వేలాడతాయి, మూరెడు కిందికి చూస్తే మళ్లీ అదే గులాబీ. వేలితో తడిమితే గీత తగలదు! దాని పేరు మాత్రం స్టెయిన్డ్ గ్లాస్. ఈ రోగం కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే బెల్‌ఫాస్ట్ కంపెనీ మెకా, స్టీవెన్‌సన్ అండ్ ఆర్ ‘గ్లేసియర్’ పేరుతో కిటికీలకు అంటించే అచ్చు కాగితాలు అమ్మింది. మాదీ అనుకరణే గదా అని కొందరు ఎత్తిపొడుస్తారు. అవును, సీసాన్ని అనుకరిస్తాం, కాని ప్రతి గీతా ఆ కిటికీ కోసమే పుడుతుంది. స్టిక్కర్‌కు ఏ కిటికీ అయినా ఒకటే.

చిన్నమ్మ దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు తగ్గిపోయారు. వారం రోజుల పనికి ధర చెబితే కొనేవాళ్లు ఫిలిం అడుగు రేటు చెప్పి బేరమాడుతున్నారు. గడి గడికీ వంగి నడుం పట్టేసిన మనిషితో ఆడే బేరమా అది? కొనలేకపోతే కొనకండి, ఆ రేటు మాత్రం ఆమె ముందు ఎత్తకండి.

సూరత్ నగరపాలిక ప్రాథమిక బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. ఆ పంతుళ్లకూ, ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకూ నాదొక విన్నపం. డ్రాయింగ్ పీరియడ్‌లో వారానికి ఒక్కసారి లైనర్ పట్టించండి. మొదట గాజు కూడా అక్కర్లేదు, పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మీద నేర్చుకోవచ్చు. చిన్నపిల్లలకు వాసన కొట్టే సాల్వెంట్ రంగులు వద్దు, నీళ్లవి చాలు. షీటు కింద పెట్టే డిజైన్ మాత్రం నెట్‌లోంచి దింపొద్దు. మూడు రంగులిచ్చి, ఏ గీతా గాలిలో ఆగకుండా పిల్లలనే గీయనివ్వండి.