సముద్రం దాటించే ట్యాంకు

చిన్న విమానాల లోకంలో పేరంతా పైలట్‌కే పోతుంది. నా ఓటు మాత్రం సీట్లు పీకేసి, ఆ చోట ఇంధనపు ట్యాంకు బిగించే మెకానిక్‌కే. సెస్నా 172లో పట్టే ఇంధనం 200 లీటర్ల చిల్లర. దాంతో 1,200 కిలోమీటర్లు పోతుందేమో. కాలిఫోర్నియా నుంచి హవాయికి 3,800 కిలోమీటర్లు, నడుమ దిగడానికి జానెడు నేల లేదు. అయినా ఇంత చిన్న విమానాలు ఆ నీళ్లు దాటుతున్నాయంటే ఆ అదనపు ట్యాంకు చలవే.

లిండ్‌బర్గ్ 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఎగిరిన కథ అందరికీ తెలుసు. 1,700 లీటర్లు మోసేలా ఆ విమానాన్ని గీసిన డొనాల్డ్ హాల్‌ని ఎందరు తలుచుకుంటారు? పెద్ద ట్యాంకును పైలట్ ముందు పెట్టడంతో ఎదుటి అద్దానికే చోటు లేకపోయింది! కూలినా పైలట్ ఇంజిన్‌కూ ట్యాంకుకూ మధ్య నలిగిపోకూడదని ఆ ఏర్పాటు. లిండ్‌బర్గ్ భక్తులు కోప్పడినా సరే, నాకు మొనగాడు మాక్స్ కాన్రాడే. 1959లో పైపర్ కొమాంచీలో కాసాబ్లాంకా నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఎక్కడా దిగకుండా 12,300 కిలోమీటర్లు! లేచేటప్పుడు మామూలు పరిమితి కంటే 900 కిలోలకు పైగా ఎక్కువ బరువు. 1964లో జెర్రీ మాక్ ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన తొలి మహిళ అయింది. ఆమె సెస్నా 180లోనూ సీట్ల జాగాను ట్యాంకులే ఆక్రమించాయి.

ఇక పనితనం సంగతి. ఈ విమానాల పెట్రోలు లీటరు 720 గ్రాములు తూగుతుంది. 400 లీటర్లంటే 290 కిలోలు. ఆ బరువు విమానం తూకపు కేంద్రానికి ఆనుకుని కూర్చోవాలి. బాగా వెనక్కి జరిగిందా, తోక కుంగి విమానం అదుపు తప్పుతుంది. నిండుకుండ తొణకదు గానీ సగమైన ట్యాంకు తొణుకుతుంది. అందుకే లోపల చిల్లులున్న అడ్డురేకులు వేస్తారు. కుదుపుకు ఊడి పైలట్ వీపు మీద పడకుండా అడుగున బిగింపు ఉండాలి.

ఇంధనం తగ్గేకొద్దీ లోపలికి గాలి రావాలి. గాలిగొట్టం మూసుకుపోతే ప్రవాహం ఆగిపోతుంది. దాని మూతి విమానం బయటికే ఉండాలి, ఆవిరి కాక్‌పిట్‌లో చేరితే నిప్పురవ్వ చాలు. కొన్ని ఇంజిన్లు కావలసిన దానికంటే ఎక్కువ తాగి, మిగిలింది రెక్కలోని ట్యాంకుకు తిప్పి పంపుతాయి. ఆ ట్యాంకు అప్పటికే నిండి ఉంటే అదంతా సముద్రం పాలే. ముందు రెక్కలోది కొంత కాల్చి చోటు చేసుకోవాలని, ఆ తర్వాతే అదనపు ట్యాంకు వాల్వు తిప్పాలని పైలట్‌కు రాసిపెట్టి ఇచ్చేవాడే అసలైన పనివాడు.

రబ్బరు సంచులైతే ఖాళీ అయ్యాక మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చని కొందరి మురిపెం. నాది మాత్రం వెల్డింగ్ చేసిన అల్యూమినియం పక్షం.

ఒళ్లు మండేది చౌకబారు పని చూసినప్పుడు. ఏదో విమానం నుంచి ఊడదీసిన ట్యాంకు, కారు సామాన్ల కొట్లో కొన్న గొట్టం, సామాన్లు కట్టే పట్టీలు! తూకం వేసిన కాగితం అడిగితే నవ్వుతారు. ప్రత్యేక అనుమతి కోసం అధికారులు లెక్కలు అడగడం వీళ్లకు వేధింపుగా కనిపిస్తుంది. 2015లో హవాయి దారిలో ఒక సిర్రస్ విమానం పారాచూట్‌తో సముద్రంలో దిగింది. అదనపు ట్యాంకులో ఇంధనం ఉంది, అది ఇంజిన్‌కు చేరే దారే తెరుచుకోలేదు. పైలట్ బతికాడు, అందరికీ పారాచూట్ ఉండదు.

కాబట్టి సముద్రం మీదికి వెళ్లేవారికి నా మనవి ఒక్కటే. ధర తర్వాత మాట్లాడండి. ముందు ట్యాంకు నింపించి తూకం వేయించండి. నేల మీదే పంపు నడిపించి, లీటరు ఎంత సేపట్లో చేరుతోందో మీ కళ్లతో చూడండి. పంపు ఆగితే చేత్తో తోడే దారేదని అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే మెకానిక్ చేతికి మీ విమానం ఇవ్వకండి. విసుక్కోకుండా చూపించేవాడు దొరికితే, అతను అడిగినంత ఇచ్చి, ఎగిరి వచ్చాక అతని పేరు పదిమందికీ చెప్పండి.